ఎదిగే బిడ్డకు పాత ఆది చాలదు

 

బట్టలు కుట్టించేటప్పుడు దర్జీకి 'ఆది' ఇవ్వడం మన ఇళ్ళలో ఉన్న ఆచారమే. ఒంటికి సరిపోయే పాత కమీజును చూసి ఆయన కొత్తది కత్తిరిస్తాడు. పరపురుషుడు కొలతలు తీయవలసిన అవసరం రాదు. స్త్రీ మర్యాదను కాపాడే చక్కని పద్ధతి ఇది. అయితే పది, పదమూడేళ్ళ మధ్యనున్న ఆడపిల్లకు ఇది పనికిరాదు. నిరుటి ఆది నిరుటి బిడ్డ కొలతనే చెబుతుంది.

ఈ వయసులో ఎదుగుదల వేగం అందుకుంటుంది. ఒక్క ఏడాదిలోనే ఎత్తు సుమారు 8 సెంటీమీటర్లు పెరగవచ్చు. ముందు కాళ్ళు చేతులు సాగుతాయి, ఆ పిమ్మట మొండెం. ఒక రంజానుకు కుట్టించిన బట్టలు మరుసటి రంజాను నాటికి పొట్టివై, ఛాతీ దగ్గర బిగుస్తాయి.

టేకులపల్లిలో పిల్లలకు ధార్మిక పాఠాలు చెప్పే మేము దీని ఫలితాన్ని తరగతిలోనే చూస్తున్నాము. ముందు వరుసలో గొంతెత్తి సూరాలు చదివే ఒక బాలిక ఉన్నట్టుండి గోడవారకు చేరింది. చేయి ఎత్తడం మానేసింది. చదువుపై ఆసక్తి తగ్గిందని ఇంట్లో అనుకున్నారు. మా ఇంటివారు పక్కకు పిలిచి మెల్లగా అడిగితే, కమీజు చంకల కింద పట్టేస్తోందని, చేయి ఎత్తితే చినుగుతుందని భయమని చెప్పింది.

మరికొందరు తల్లిదండ్రులు ఎలాగూ పెరుగుతుంది కదా అని రెండేళ్ళకు సరిపడా పెద్దది కొంటారు. మెడ జారే బట్టను సర్దుకోవడంతోనే ఆ బిడ్డకు పొద్దు గడుస్తుంది. వస్త్రం శరీరాన్ని కప్పడానికీ, అలంకారానికీ అని అల్ ఆరాఫ్ సూరా 26వ ఆయతు మనకు బోధిస్తోంది. బిగుతు బట్ట మొదటి ప్రయోజనాన్ని, వేలాడే బట్ట రెండవదాన్ని చెరుపుతాయి.

ఇల్లెందులోనో, కొత్తగూడెంలోనో రెడీమేడ్ కొందామంటే, చీటీపై ఉన్న వయసు అంకె ఒక్కో కంపెనీకి ఒక్కో కొలత. మన దేశస్థుల ఒంటి కొలతల కోసం నిఫ్ట్ సంస్థ చేపట్టిన 'ఇండియాసైజ్' సర్వే సైతం హైదరాబాదు సహా ఆరు నగరాలలో, 15 నుండి 65 ఏళ్ళ వారికే పరిమితం. పన్నెండేళ్ళ మన బిడ్డ అందులో లేదు. కనుక ఇంట్లోని టేపునే నమ్ముకోవాలి.

మూడు నెలలకొకసారి తల్లిగాని, అక్కగాని, నానమ్మగాని తలుపు వేసి, ఎందుకో బిడ్డకు చెప్పి కొలతలు తీయాలి. భుజాల వెడల్పు, ఛాతీ, నడుము, పిరుదుల చుట్టుకొలత, కమీజు పొడవు, చేయి పొడవు, నడుము నుండి చీలమండ వరకు పొడవు: ఇవన్నీ తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకోవాలి. టేపు బిగించకూడదు. కమీజుకు ఛాతీ కొలతపై మూడు, నాలుగు అంగుళాల వదులు ఉంచాలి. కొత్త నూలు బట్టను కత్తిరించే ముందు నానబెట్టి ఆరవేస్తే, ముడుచుకునేది ముందే ముడుచుకుంటుంది. అంచు మడతలో రెండంగుళాలు, పక్క కుట్లలో అంగుళం లోపలికి వదిలించండి. బిడ్డ పెరిగినప్పుడు కుట్లు విప్పుకోవచ్చు. వృథా ఖర్చూ ఉండదు.

ప్రభుత్వ బడుల యూనిఫాంలు కుట్టే పనిని 2024లో తెలంగాణ ప్రభుత్వం మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించింది. కుట్టేది మన ఊరి అక్కచెల్లెళ్ళే గనుక ఆ నోటుపుస్తకాన్ని వారికి చూపవచ్చు.

కొలిచేటప్పుడు "ఇంత లావయ్యావేమిటి?" అనే మాట మాత్రం వద్దు. ఆ మాట విన్న బిడ్డ మరోసారి టేపు దగ్గరకు రాదు, తన ఇబ్బంది తల్లికి చెప్పదు.

తండ్రులకు ఒక మాట. ఇద్దరు ఆడపిల్లలను యుక్తవయసు వచ్చేవరకు పోషించినవారు ప్రళయదినాన తమకు సమీపంగా ఉంటారని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ పోషణలో అన్నంతోపాటు వస్త్రమూ ఉంది. పండుగ వచ్చేదాకా ఆగక, ఇంట్లో వారు అడిగిన నాడే మూడు గజాల బట్టకు డబ్బు ఇవ్వండి.

మన ఆడబిడ్డలు తలెత్తుకుని చదువుకునే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.