కోలుకున్నవారి మాట



డిప్రెషన్ గురించి కాదు, దాని నుంచి బయటపడటం గురించి ఈ సంచిక. మానసిక ఆసుపత్రులున్న ఎర్రగడ్డ, చినవాల్తేరు అన్న పేర్లనే మనం ఎగతాళికి వాడుకున్నాం. ఆ ఎగతాళికి భయపడి ఎందరో డాక్టరు దగ్గరకు వెళ్లకుండానే ఏళ్లు గడిపారు. మానసిక జబ్బులకూ బీమా వర్తించాలని 2017 చట్టం చెప్పింది. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్, 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా పలుకుతుంది. చట్టం మారినంతగా మన ఇళ్లు మారలేదు, అందుకే ఈ ప్రయత్నం.

ఈ సంచికకు రాసిన, కోలుకున్నవారందరిదీ ఒకే అనుభవం: ఆశ ఒక్కసారిగా రాలేదు. మందులు పనిచేయడానికే కొన్ని వారాలు పడుతుంది. ఆ ఎదురుచూపే అన్నిటికన్నా కష్టమట. ముందు నిద్ర పట్టింది. తర్వాత ఆకలి వేసింది. ఎన్నాళ్లకో, తామే ఒక స్నేహితుడికి ఫోన్ చేశారు. కొందరికి జబ్బు తిరగబెట్టింది కూడా. అది దాచవద్దని మేమే కోరాం. "ధైర్యంగా ఉండు" అన్నవాళ్లకన్నా, ఏమీ అడగకుండా అన్నం కలిపి పెట్టినవాళ్లే వీరికి గుర్తున్నారు.

ఇప్పుడు డిప్రెషన్‌లో ఉన్నవారు ఈ సంచికను ఏకబిగిన చదవనక్కరలేదు. ఓపిక ఉన్నప్పుడు, ఏ పుట నుంచైనా మొదలుపెట్టండి.