గట్టి యుక్కు – భద్రమైన కప్పు

ఉక్కు ఎంత గట్టిదైన ఇల్లంత భద్రమని మనలో పలువురు నమ్ముచున్నారు. క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు అన్నిటికంటె బలమైన కడ్డీలనే కోరుచున్నారు. ఈ నమ్మకమున సగమే సత్యము గలదని నా యభిప్రాయము.

కాంక్రీటు నొక్కిడికి చక్కగా నిలుచును, లాగుడునకు నిలువలేదు. దాని లాగుడుబలము నొక్కిడిబలములో సుమారు పదియవ వంతు మాత్రమే. రెండు గోడలపై ఆనిన దూలముమీద బరువు పడినప్పుడు పైభాగము నొక్కబడును, క్రిందిభాగము లాగబడును. ఆ లాగుడును మోయుటకే అడుగున కడ్డీల నుంచుదురు.

ఉక్కు మితముగా నున్నచో, బరువు మీఱినప్పుడు ముందుగా ఉక్కే సాగును, దూలము వంగును, బీటలు విచ్చును. లోనివారు చూచి వెలుపలికి పోవుటకు వ్యవధి దొరకును. ఉక్కు మితిమీఱినచో, అది సాగకమునుపే పైనున్న కాంక్రీటు నలిగి, దూలము చెప్పక కూలును. పటములో వ్రాసినన్ని కడ్డీలనే వేసి, వానిని మఱింత బలమైన రకమునకు మార్చినను ఈ యపాయమే కలుగవచ్చును. అట్టి దూలము కొంత యెక్కువ బరువు మోయునేమో గాని, హెచ్చరించుట మానును. బిడ్డలు కూర్చుండు గదికి ఏది మేలో మీరే యోచింపుడు.

ఇందుచేతనే ఐ.ఎస్. 456 అను భారతీయ ప్రమాణము, 2000వ సంవత్సరపు కూర్పునందు, దూలములో నొక్కబడు భాగమునకు హద్దు విధించినది. పైయంచునుండి కడ్డీల వఱకు గల లోతులో 250 రకపు ఉక్కునకు 0.53 వంతు, 415 రకమునకు 0.48, 500 రకమునకు 0.46. బలము హెచ్చినకొలది హద్దు తగ్గుట గమనింపుడు.

బలముతోపాటు సాగుగుణమును అడుగవలెను. 2008 నాటి ఐ.ఎస్. 1786 ప్రకారము 500 రకపు కడ్డీ తెగులోపల నూటికి 12 వంతులైనను సాగవలెను. అంతే బలముగల 500 డి రకము 16 వంతులు సాగవలెను. భూకంపమునందు ఈ సాగుడే ప్రాణరక్షకము.

మఱియొక సంగతి. రకమేదైనను, సాగుటకు ముందు ఉక్కు బిగి యొక్కటియే. బలమైన కడ్డీలు గదా యని లెక్క మిక్కిలి తగ్గించినచో దూలము విఱుగకున్నను ఎక్కువ వంగును, బీటలు వెడల్పగును, తేమ చేరి ఉక్కు త్రుప్పుపట్టును.

కావున పటములోని రకమునుగాని లెక్కనుగాని ఇంజనీరు నడుగక మార్చరాదు. పునాదిని గూర్చిన సువార్తలోని ఉపమానము మనకు చిన్ననాటనే తెలిసినది. కప్పును గూర్చియు నంతటి వివేకము వలయును.