బావుల లెక్క

చెరువునీరును గుంటనీరును త్రాగి పసిపిల్లలు అతిసారముచేతను కలరాచేతను రాలిపోవుచుండిన బంగ్లాదేశ్ పల్లెలకు క్రిమిరహితమైన జలము నందింపవలెనను సంకల్పముతో, 1970 దశకములో అచ్చటి ప్రభుత్వమును యూనిసెఫ్ సంస్థయు కలిసి గొట్టపుబావులు వేయింప నారంభించినవి. ఆ సంకల్పము నిందింపదగినది కాదు. ప్రజలును సొంత సొమ్ము వెచ్చించి ఇంటింట చేతిపంపులు వేసికొనిరి. 1990 దశకమున గ్రామీణులలో నూటికి 97 మందికి సురక్షితజలము సమకూడినదని నివేదికలు చాటినవి.

వ్రాసినవారు అబద్ధమాడలేదు. బావులున్నవి, పంపులు పనిచేయుచున్నవి. అడిగిన ప్రశ్నలకెల్ల సరియైన సమాధానములే లభించినవి. కాని ఒండ్రుపొరలనుండి ఆ నీటిలోనికి కరగివచ్చుచున్న ఆర్సెనిక్కను విషమునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఆనాటి సాధారణ జలపరీక్షలలో దానికి చోటును లేదు. సరిహద్దున కీవల, పశ్చిమ బెంగాలున, 1983లోనే కలకత్తా చర్మవైద్యుడు కె.సి. సాహా దాని బారినపడిన రోగులను గుర్తించియుండగా, ఆవల చాపాయ్ నవాబ్‌గంజ్‌లో విషము బయటపడుటకు 1993 వరకు పట్టినది. 12.5 కోట్ల జనులలో 3.5 కోట్లనుండి 7.7 కోట్లవరకు ప్రమాదమునకు లోనైరని 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రిక ప్రకటించినది. పిమ్మట సుమారు 50 లక్షల బావులను పరీక్షించి, విషమున్నవానికి ఎఱ్ఱరంగును లేనివానికి పచ్చరంగును పూసిరి.

నల్లగొండ ఫ్లోరైడు బాధ నెఱిగిన మనకు ఈ కథ దూరదేశపు కథ కాదు.

ప్రణాళికను రచించినవారే దాని పరీక్షాప్రశ్నలను గూడ రచించుచున్నంతకాలము, పరిశీలకుడు గొట్టములను లెక్కించును గాని, ఆ నీరు త్రాగినవారి అరచేతులు గరుకెక్కి కాయలు కాచుటను చూడడు. ఆ వ్యాధి పైకి కనబడుటకు ఏండ్లు పట్టును. ప్రణాళిక గడువో, అంతకు మునుపే తీరిపోవును. కావున ధనమిచ్చు దేశములును బ్యాంకులును, ఇచ్చునాడే కొంత ద్రవ్యమును పదియేండ్ల తరువాతి పరిశీలనకై విడిగా నుంచవలెను. ఆ పరిశీలనము ప్రణాళికతో ఏ సంబంధమును లేనివారిచే, స్థానికవైద్యుని వెంటబెట్టుకొని జరుగవలెను. దాని ఫలితమును రాజధానిలోని కార్యాలయములకు పంపుటకు ముందు, ఆ గ్రామస్థుల యెదుట, వారి భాషలో చదివి వినిపింపవలెను.