అరకు కాఫీకి భాగస్వామ్యమే బలం

అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో గిరిజన రైతులు పండిస్తున్న అరకు కాఫీ, చిన్న కమతాల రైతులు సుస్థిర వ్యాపారాన్ని నిర్మించుకోగలరనేందుకు నిదర్శనంగా నిలుస్తున్నది.

బాగా పండిన కాయలనే ఏరి, కోసిన రోజే పల్పింగ్ యంత్రంతో తొక్క తీసి ఆరబెట్టినప్పుడే గింజకు నాణ్యత, తగిన ధర లభిస్తాయి. కాయలను అలాగే ఎండబెట్టి దళారికి అమ్మితే ఆ విలువ రైతుకు దక్కదు. సొంత యంత్రం చిన్న రైతుకు భారమైనందున ఉమ్మడి పల్పింగ్ కేంద్రాలు, నమ్మకమైన కొనుగోలు వ్యవస్థ అత్యవసరం. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు, మార్కెటింగ్ బాధ్యతలు నిర్వహిస్తుండగా, కాఫీ బోర్డు సాంకేతిక సహకారం అందిస్తున్నది. నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లకు పాకించిన మిరియాల తీగలు రైతులకు అదనపు ఆదాయం సమకూర్చుతున్నాయి.

2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే ఆ గుర్తింపు పేరును కాపాడగలదే గాని ధరకు హామీ ఇవ్వజాలదు. 2025లో అరకు తోటలలో కాయతొలుచు పురుగు బయటపడటం ఈ భాగస్వామ్యానికి పరీక్షగా పరిణమించింది. సేంద్రియ సాగుకు పేరొందిన ఈ తోటలలో పురుగు సోకిన కాయలను తొలగించి నాశనం చేయడమే ప్రధాన మార్గం. ఆ నష్టాన్ని రైతు ఒక్కడే మోయవలసివస్తే పురుగు జాడను దాచే ప్రమాదమున్నది. కనుక సత్వర పరిహారం, సకాలంలో చెల్లింపులు రైతుకు మేలు చేయడమే గాక, అరకు పేరుకు సైతం రక్షణ కల్పిస్తాయి.