అబ్బాయి గని, అమ్మ దానం

తిరుపతి నుంచి ఒక సోదరి నాలుగు పుటల ఉత్తరం వ్రాశారు. పేరు వెయ్యవద్దన్నారు, వెయ్యడం లేదు. సంగతి బొమ్మల గురించే. కాని ఆ బొమ్మల మూలంగా తల్లీకొడుకుల మధ్య నెల్లాళ్లుగా సరిగ్గా మాటల్లేవంటే, చిన్న సంగతని తోసెయ్యడానికి వీల్లేదు గదా!

జరిగిందిది. వారి అబ్బాయికి ఎనిమిదో ఏట, 2010లో, సింగపూరులో ఉండే చిన్నాన్న ఒక లెగో పెట్టె తెచ్చి యిచ్చాడు. "పవర్ మైనర్స్" అని దాని పేరు. బొటనవేలంత గనిపనివాళ్లూ, రంగుగాజులా మెరిసే రాతి రాక్షసులూ అందులో ఉన్నారు. ఆ రకం తయారీ ఆగిపోయినా అబ్బాయి ఆశ ఆగలేదు. బెంగుళూరులో ఉద్యోగం వచ్చాక మొదటి జీతంలోంచి కూడా వాడినవి కొని చేర్చాడు. మొత్తం ఇరవై మూడు బొమ్మలు. మొన్న దసరా కొలువు చూడవచ్చిన ఆడబిడ్డ కొడుకు, ఆరేళ్లవాడు, కావాలని ఏడిస్తే ఈవిడ మూడు తీసి వాడి చేతిలో పెట్టారు. ఇద్దరు రాక్షసులు, ఒక గనివాడు. దీపావళికి వచ్చిన అబ్బాయి పెట్టె తెరిచి లెక్క చూసుకున్నాడు. తరువాతి కథ మీరు ఊహించుకోగలరు.

"ఇరవై దాటినవాడికి ప్లాస్టిక్ బొమ్మల మీద ఇంత పాశమేమిటి? ఇచ్చినవాటిని తిరిగి ఇమ్మని ఆడబిడ్డను ఏ ముఖం పెట్టుకొని అడగను?" అంటున్నారు ఆ తల్లి.

ముందు ఆ బొమ్మల సంగతి చెబుతాను. లెగో డెన్మార్కులో బిల్లుండ్ అనే ఊళ్లో 1932లో ఒక వడ్రంగి మొదలుపెట్టిన కొయ్యబొమ్మల పని. ప్లాస్టిక్ ఇటుకలు ఆ తరువాత వచ్చాయి. చేతులూ కాళ్లూ కదిలే ఈ చిన్న మనుషులు 1978లో పుట్టారు. గనుల కథతో వారు 1999లో "రాక్ రైడర్స్" అని ఒక వరుస తెచ్చి త్వరలోనే ఆపేశారు. మళ్లీ 2009లో "పవర్ మైనర్స్" వచ్చింది. అదీ 2010 వరుసతో ముగిసింది. భూమి ఊరికే అదురుతూ ఉంటే, ఎందుకా అని గనివాళ్లు కిందికి దిగుతారు. అక్కడ స్ఫటికాలు తింటూ రాక్షసులు గొడవ చేస్తూంటారు. ఇదీ కథ. 2012లోనూ 2018లోనూ లెగో సిటీ అనే వరుసలో గనుల పెట్టెలు మళ్లీ వచ్చాయి గాని వాటిలో రాక్షసులు లేరు. అంచేత మీ ఆడబిడ్డ కొడుకు పట్టుకుపోయిన ఆ ఇద్దరినీ ఏ కొత్త పెట్టెతోనూ పూరించలేరు. ఈ సంగతి మీకు తెలియదు, మీ అబ్బాయికి తెలుసు.

ఇంతకంటే పెద్దది మీరు మూడో పుటలో, మాటవరసకన్నట్టు వ్రాసి వదిలేసిన వాక్యం. అబ్బాయి ఏటా కొలువు మెట్ల పక్కన ఇసుకతో కొండ కట్టి, అట్టతో సొరంగం చేసి, ఈ మనుషుల్ని దించి, "కోలారు గని" అని చీటీ పెడతాడట. ముత్తాతగారు అక్కడే పనిచేశారట. అమ్మా, అసలు సంగతి అదే!

కోలారు గనుల్లో మన చిత్తూరు వైపు నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి వెళ్లినవాళ్లు వేలమంది. 1880లో ఇంగ్లీషు కంపెనీ చేతిలో ఆ గనులు ఊపందుకున్నాయి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి లోతుకు దిగింది. ఆ లోతులో ఒత్తిడికి బండ ఉన్నట్టుండి పేలినట్టు పగిలేది. పైన ఊళ్లో ఇళ్లు కూడా కదిలేవి. భూమి అదిరితే కింద రాక్షసులున్నారనే కథ ఆ ఇంటి పిల్లవాడికి ఎందుకు పట్టిందో నాకైతే వింతగా లేదు. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి. మన కుప్పం దగ్గరి చిగురుగుంట గని కూడా ఆ ఏడే మూతపడింది. మీ అబ్బాయి పుట్టేసరికి చూడడానికి గని లేదు. బొమ్మలు దొరికాయి.

మీ కొలువులో పై మెట్టు మీద ఎర్రచందనం జంట ఉందని, అది మీ అత్తగారి పుట్టింటి నుంచి వచ్చిందని మీరే వ్రాశారు. ఆరేళ్ల పిల్లవాడు ఏడిస్తే అందులో ఆడబొమ్మను తీసి ఇచ్చి ఉండేవారా?

ప్లాస్టిక్‌కూ చందనానికీ పోలికా అంటారేమో. పోలిక లేదు, నిజమే. కంపెనీవారు తలచుకుంటే రాక్షసుల్ని రేపే మళ్లీ పోత పోయగలరు. శేషాచలం చెట్టును ఎవరూ పోత పోయలేరు. 1995లో ఎర్రచందనాన్ని అంతర్జాతీయ వర్తకంలో కట్టుబాట్లున్న సైట్స్ జాబితాలో చేర్చారు. చెట్టు కొట్టడానికి, కర్ర అమ్మడానికి ప్రభుత్వం ఆంక్షలున్నాయి. పూర్వం పెళ్లికూతురి వెంట పంపిన ఆ బరువైన జంట ఇప్పుడు అడగగానే దొరికేది కాదు. అయితే జంటలో ఒకటి పోతే రెండోది ఎలా వెలవెలబోతుందో, రాక్షసులు లేని గనీ అంతే.

అలాగని అబ్బాయి కేకలు వెయ్యడం నేను మెచ్చను. అంత ప్రాణమైనవాటిని అమ్మ అల్మారాలో వదిలి, ఇవి ఎవరికీ ఇవ్వవద్దని ఒక్క మాట చెప్పకుండా వెళ్తే, పండగపూట ఏడ్చే పిల్లవాడి ముందు ఏ తల్లి మాత్రం ఏం చేస్తుంది?

ఇప్పుడు చెయ్యవలసింది. మీరు ఆడబిడ్డను అడగకండి. అబ్బాయినే వాళ్ల అత్తయ్య ఇంటికి వెళ్లమనండి, వట్టి చేతులతో మాత్రం కాదు. ఆరేళ్లవాడికి నిలబడి ఉండే మనిషికంటే చక్రాలున్న బండి ముద్దు. పెద్ద బండి పెట్టె ఒకటి తీసుకువెళ్లి, నేలమీద కూర్చొని వాడితో కలిసి బిగించి, తరువాత మాట కదపమనండి. ఇస్తే సంతోషం. ఈలోగా ఏ రాక్షసుడి చెయ్యో ఊడి ఉంటే వాణ్ణి తిట్టవద్దు. ఇవ్వనంటే, విడి బొమ్మలమ్మే బ్రిక్‌లింక్ అనే అంగడి ఇంటర్నెట్‌లో 2000 నుంచి ఉంది, 2019లో లెగోవారే దాన్ని కొన్నారు. అక్కడ వెదకవచ్చు. మూత విప్పని పెట్టెలకు మాత్రం పోవద్దు. ఆడని బొమ్మకు అంత ధర పెట్టే సరదా నాకు అర్థం కాదు.

ఇంకొక్క మాట. ప్లాస్టిక్ బొమ్మల్ని 40 డిగ్రీలు మించని గోరువెచ్చని నీళ్లలో సబ్బుతో కడిగి నీడన ఆరబెట్టండి. ఎండ తగిలితే రంగు మారుతుంది. చందనపు జంటకు నీళ్లు వద్దు, పొడిగుడ్డ చాలు. పెట్టెలో ఒక కాగితం కూడా పెట్టించండి. ఎన్ని బొమ్మలు, ఏది ఎప్పుడు వచ్చింది అని అబ్బాయి వ్రాస్తాడు. దాని కిందనే ముత్తాతగారి పేరు, కోలారులో ఏ గనిలో ఏం పని చేశారు, ఎన్నేళ్లు చేశారు అన్నది వ్రాయించండి. మీ మామగారికి జ్ఞాపకం బాగానే ఉందని వ్రాశారు కనుక ఈ సంక్రాంతికే ఆయన్ని అడగండి.