ఫోన్ వాట్స్ సరే, ఆఫీసు ఫ్యాన్ వాట్స్ సంగతేంటి?

ఛార్జర్ 67 వాట్సా, 80 వాట్సా అని కామెంట్లలో కొట్టుకుంటాం కదా. మొన్న ఏప్రిల్‌లో, మిర్చి కల్లాల్లో ఎండుతున్న టైంలో, సర్టిఫికెట్ పని మీద గుంటూరు దగ్గర మా మండల ఆఫీసుకి వెళ్లాను. ఖాళీ కుర్చీల మీద కూడా ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అన్నీ పాత రకమే.

పాత ఫ్యాన్ దాదాపు 75 వాట్స్ లాగుతుంది, బీఎల్‌డీసీకి 30 చాలు. రోజుకి 8 గంటలు, ఏడాదికి 250 రోజులు అనుకుంటే ఒక్క ఫ్యాన్‌కే 90 యూనిట్లు మిగులుతాయి. 40 ఫ్యాన్లుంటే 3,600. మన గ్రిడ్‌లో యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన రెండున్నర టన్నులు! ఫ్యాన్ ధర వెయ్యి ఎక్కువైనా, యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే ఏడాదిన్నరలో వచ్చేస్తుంది.

కొత్తగా కట్టే పెద్ద భవనాలకు రాష్ట్రంలో 2014 నుంచే ఈసీబీసీ నిబంధనలున్నాయి. 2023 జనవరి నుంచి కొత్త సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి. పాత బిల్డింగులో ఆల్రెడీ తిరుగుతున్న ఫ్యాన్ జోలికి మాత్రం ఇవేవీ రావు. అది కాలిపోయేదాకా ఆగకుండా ఇప్పుడే మార్చాలంటాను.

బీఎల్‌డీసీకి ఓ మైనస్ ఉంది: రిమోట్. ఆఫీసులో అయితే రెండో రోజుకే మాయం. అందుకే నా ఓటు గోడ రెగ్యులేటర్‌తో పనిచేసే మోడల్‌కే.