పెద్ద కుక్కను ఇంటికి తెచ్చుకునేవారికి ఒక మాట



వీధిలోనో, చెరువుగట్టు మీదనో దిక్కులేక తిరుగుతున్న పెద్ద కుక్కను ఇంటికి తెచ్చుకుందామనుకునేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఏలూరులో ఉదయపు నడకలో కలిసే మిత్రులు కొందరు ఈ విషయమై నన్ను సలహా అడుగుతున్నారు. ఇది మంచి ఆలోచన. వేలకు వేలు పోసి, మన ఎండలకు తాళలేని చలిదేశపు జాతి పిల్లను కొనడం కంటే ఇది ఎంతో మేలు. అయితే దయ ఒక్కటే ఉంటే ఈ పని నెరవేరదు. వైద్యుని జాగ్రత్త, ఉపాధ్యాయుని ఓర్పు కూడా కావాలి. ఆ రెండూ నాకు ఉన్నాయని అనుకుని నేను చేసిన ఒక తప్పును చెప్పి, ఆ తరువాత నా అభిప్రాయం చెబుతాను.

గత సంవత్సరం సంక్రాంతి వెళ్లిన తరువాత కొల్లేటి ప్రాంతంలోని ఒక చేపల చెరువు గట్టు మీద నుంచి ఒక ఆడకుక్కను ఇంటికి తెచ్చాము. చెరువు కౌలు ముగిసి కాపలా కుటుంబం వెళ్లిపోగా అది గట్టు మీదనే ఉండిపోయింది. వయస్సు నాలుగేళ్లు ఉండవచ్చునని పశువైద్యులు పళ్లు చూసి చెప్పారు. మొదటి రోజుననే రేబిస్ టీకా వేయించాను. పురుగుల మందు ఇప్పించి, గోమార్లు తీయించాను. సరమ అని పేరు కూడా పెట్టాను. ఇక చేయవలసినదంతా చేశాననుకున్నాను.

పదకొండవ రోజున అది నన్ను కరిచింది.

తప్పు పూర్తిగా నాది. అన్నం తింటున్న కుక్క ముందు నుంచి గిన్నె తీసినా అది ఊరుకోవాలని, అప్పుడే ఇంటి యజమాని ఎవరో దానికి తెలుస్తుందని ఎప్పుడో ఎవరో చెప్పగా విన్నాను. ఆ రోజు అది తింటుండగా గిన్నె మీద చేయి వేశాను. అది తినడం ఆపి, ఒళ్లు బిగబట్టి, కంటి తెలుపు కనిపించేలా ఓరగా చూసి గుర్రుమన్నది. ‘నన్నే బెదిరిస్తావా’ అని గదమాయించి గిన్నె లాగాను. బొటనవేలి మొదట రెండు పళ్లు దిగి రక్తం వచ్చింది.

కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడుక్కుని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. రక్తం వచ్చిన కాటు మూడవ తరగతి గాయం. అందుకు టీకాతో పాటు గాయం చుట్టూ యాంటీ రేబిస్ సీరం కూడా వేయాలి. ఎన్నో ఏళ్లు ఇతరులకు చెప్పిన మాటలను ఆ రోజు బల్ల మీద కూర్చుని నేను విన్నాను. వరుసలో నా ముందు ఉన్నవారిని పలకరిస్తే, కరిచింది వీధి కుక్క కాదు, మా ఇంటిదేనని ముగ్గురు చెప్పారు. నేను నాలుగవవాణ్ణి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. ‘కుక్కకు టీకా వేయించాము కదా, ఇంకా భయమెందుకు?’ అని చాలామంది అడుగుతారు. టీకా వేసిన తరువాత కుక్కలో తగినంత రక్షణ ఏర్పడడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. పైగా, గతం తెలియని పెద్ద కుక్కను అంతకు ముందే మరొక జంతువు కరిచి ఉండవచ్చు. రేబిస్ క్రిమి ఒంటిలో ప్రవేశించిన తరువాత లక్షణాలు బయటపడడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. క్రిమి అప్పటికే ఒంటిలో ఉంటే తరువాత వేసిన టీకా దానిని ఆపలేకపోవచ్చు. కనుక కొత్తగా తెచ్చుకున్న పెద్ద కుక్క మొదటి నెలలలో కరిస్తే, గీరితే, టీకా చీటీ చూసుకుని ఊరుకోకూడదు. గాయం కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. 10 రోజులు గడిచినా కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగిలిన సూదుల సంగతి వైద్యుడు నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయం మీరు చేయకండి.

ఇంతగా చెప్పడానికి కారణముంది. నేను ఉద్యోగంలో చేరిన రోజులలో కుక్కకాటుకు బొడ్డు చుట్టూ సూదులు వేసేవారము. గొర్రె మెదడు కణజాలం నుంచి తయారయ్యే ఆ టీకాకు భయపడి ఎందరో చికిత్స మధ్యలో మానేసేవారు, నాటుమందుకు పోయేవారు. గ్లాసుతో నీళ్లిస్తే గొంతు పట్టేసి వణికిపోయిన రోగిని ఒక్కసారి చూసినవారు జీవితాంతం మరచిపోలేరు. లక్షణాలు కనిపించిన తరువాత మా చేతిలో ఏమీ ఉండేది కాదు. నేటికీ దాదాపు అంతే. మన దేశంలో ఆ పాత టీకా తయారీ 2004 చివరికి ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేసే సురక్షితమైన టీకా ఉన్నది. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో మరణిస్తున్నారని అంచనా. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల ద్వారానే వస్తుంది. టీకా ఉండి కూడా ప్రాణాలు పోవడానికి ప్రధాన కారణం మన ఆలస్యమే.

నేను చేయి కట్టుతో ఇంటికి వచ్చేసరికి ఇంట్లో తీర్పు సిద్ధంగా ఉంది. ‘నాన్నగారూ, ఈ వయస్సులో మీకెందుకిది? ఎక్కడినుంచి తెచ్చారో అక్కడ వదిలేసి రండి’ అని మా అబ్బాయి ఫోనులో అన్నాడు. నా భార్య ఏమీ అనలేదు. వేసవి సెలవులకు మనవడు వస్తాడని మాత్రం గుర్తు చేసింది. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకూ అదే ఆలోచన వచ్చింది. కాని కరిచిన కుక్కను 10 రోజులు కళ్ల ముందు ఉంచుకుని గమనించడం వైద్య నియమం. వదిలిపెడితే నేను చీకటిలో పడతాను. అందుకని పెరట్లో జామచెట్టు కింద పొడవైన గొలుసుతో కట్టి, రోజుకు మూడు పూటలా దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

రోగం కోసం చూడబోతే కుక్క కనిపించింది. గిన్నె పెట్టగానే అది నాలుగు వైపులా చూసి, గుటుక్కుమని మింగేసేది. గట్టు మీద పారేసిన చేపల కోసం పది కుక్కలతో పోట్లాడి బ్రతికిన ప్రాణి అది. దాని నోటి దగ్గరి నుంచి గిన్నె లాగినవాడు దానికి యజమానిగా కనిపించడు, పదకొండవ కుక్కగా కనిపిస్తాడు. చీపురు ఎత్తితే నేలకు అంటుకుపోయేది. కర్రతో నడిచే మనిషిని చూస్తే వెనక్కి జరిగేది. నేను ఆవులించకపోయినా తాను ఆవులించేది, పెదవులు నాకేది, తల పక్కకు తిప్పేది. ఇవన్నీ ‘నాకు ఇబ్బందిగా ఉంది, దూరం జరుగు’ అని కుక్క చెప్పే మాటలు. ఆ మాటలు వినకపోతే గుర్రుమంటుంది. దానినీ వినకపోతే కరుస్తుంది. గుర్రుమన్నందుకు కొట్టేవారున్నారు. అది అగ్నిప్రమాదపు గంటను పగలగొట్టడంతో సమానం. గుర్రుమనడం మానిన కుక్క హెచ్చరిక లేకుండా కరుస్తుంది.

ఎనిమిదవ రోజున చెరువు దగ్గర పనిచేసిన ఒకాయన మా వీధికి వచ్చి, గేటు బయటి నుంచే ‘బుజ్జీ’ అన్నాడు. నేను పందొమ్మిది రోజులుగా ‘సరమా’ అని పిలుస్తుంటే చెవి కూడా కదపని కుక్క, ఆ ఒక్క పిలుపుకు ఒళ్లంతా తోకయినట్లు ఊగిపోయింది. ‘దీని పేరు ఇదేనండి, పిల్లప్పటి నుంచి మా అమ్మాయి పిలిచేది’ అన్నాడాయన. పెద్ద కుక్కకు మనకంటే ముందు ఒక జీవితం ఉందనీ, అందులో దానిని ప్రేమించినవారు కూడా ఉండి ఉండవచ్చుననీ నాకు అప్పటివరకు తోచలేదు. ఆ రోజు నుంచి అది బుజ్జియే.

కుక్కలను తీసుకువచ్చి సంరక్షించేవారు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు. మొదటి మూడు రోజులు బెదురు, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలియడం, మూడు నెలలకు ఇది నా ఇల్లు అన్న నమ్మకం. ఇది శాస్త్రసూత్రం కాదు, అనుభవం మీద వేసుకున్న అంచనా. కాని తొందరపడే మనకు అది మంచి కళ్లెం. మొదటి రోజులలో బంధువులను పిలిచి చూపించవద్దు, స్నానాలతో వేధించవద్దు, కౌగలించుకోవద్దు. ఒక మూల, ఒక గోనెపట్టా, నీళ్ల గిన్నె, వేళకు తిండి, అంతే చాలు.

ఇక శిక్షణ. కుక్క తోక వంకర అన్న సామెత విని పెరిగాము కనుక పెద్ద కుక్క నేర్చుకోలేదనుకుంటాము. అది నిజం కాదు. 1904లో నోబెల్ బహుమతి పొందిన పావ్లోవ్ జీర్ణక్రియను పరిశోధిస్తూ, తిండి రాకముందే దాని సూచనకు కుక్క నోట లాలాజలం ఊరడం గమనించాడు. శిక్షణకు మూలం అదే. పేరు పిలవండి, మీ వైపు చూసిన మరుక్షణమే ఉడికించిన గుడ్డు ముక్క వేయండి. ఆలస్యమైతే దేనికిచ్చారో దానికి తెలియదు. పూటకు ఐదు నిమిషాలు చాలు. తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే ఒకే చోటికి తీసుకువెళితే మలమూత్రాల అలవాటు కుదురుతుంది. గిన్నె విషయంలో నేను చేసినదానికి విరుద్ధంగా చేయండి. తినేటప్పుడు దూరంగా నిలబడి, మరొక మంచి ముక్క గిన్నెలోకి విసరండి. మనిషి దగ్గరకు వస్తే తిండి పోదు, పెరుగుతుంది అని అది తెలుసుకోవాలి. బుజ్జికి అది తెలియడానికి ఏడు వారాలు పట్టింది.

తిండిలోనూ జాగ్రత్త అవసరం. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన కూరలు, పులుసులు కుక్కకు హానికరం. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ విషతుల్యం. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో, పేగులలో గుచ్చుకుంటాయి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన మాట మరొకటి. ఏలూరు నుంచి కైకలూరు దాకా వరిచేలు, చెరువులు, నిలవ నీరు, ఎలుకలు. ఇది లెప్టోస్పైరోసిస్ వ్యాధికి అనువైన నేల. ఎలుకల ద్వారా కుక్కకు సోకి, కుక్క మూత్రం ద్వారా మనకు సోకగలదు. కుక్కలకు దీనికి టీకా ఉంది, అడిగి వేయించండి. మూత్రం శుభ్రం చేసేటప్పుడు చేతికి తొడుగు, కాలికి చెప్పు ఉండాలి. జ్వరంతో పిక్కలు విపరీతంగా నొప్పి పుట్టి, కళ్లు ఎరుపెక్కితే వైద్యునికి ఇంట్లో కుక్క ఉందని తప్పక చెప్పండి. పిల్లలను కుక్క తిరిగే మట్టిలో చెప్పులు లేకుండా ఆడనివ్వవద్దు. కొంకిపురుగు లార్వా చర్మం గుండా ప్రవేశిస్తుంది. వీలైతే ఇంటిల్లిపాది ముందుగానే రేబిస్ టీకా 3 మోతాదులు వేయించుకోవడం మంచిది. తింటున్న, నిద్రిస్తున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్కను ముట్టుకోరాదని పిల్లలకు నేర్పండి. ఎంత మంచి కుక్కయినా పసిపిల్లలతో ఒంటరిగా విడిచిపెట్టకండి.

ఇప్పుడు నా అభిప్రాయం. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులలో, వీధి కుక్కను దత్తత తీసుకోదలచినవారు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని ఉన్నది. అలా తీసుకున్న కుక్క తిరిగి వీధిపాలు కాకుండా చూసే బాధ్యత వారిదేనని కూడా ఉన్నది. రెండవ వాక్యం మొదటి వాక్యమంత ముఖ్యమైనది. తిండికీ నీటికీ అలమటించేలా జంతువును అకారణంగా విడిచిపెట్టడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. చట్టం మాట అటుంచండి. మనిషిని నమ్మి, మళ్లీ విడువబడిన కుక్క వీధిలో మరింత భయంతో బ్రతుకుతుంది. భయపడిన కుక్కే ఎక్కువగా కరుస్తుంది. మీరు వదిలిన కుక్క కాటుకు మరొకరి బిడ్డ ఆసుపత్రి వరుసలో నిలబడుతుంది. కనుక మూడు నెలల ఓర్పు, ఏటా టీకా ఖర్చు, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స, ఊరు వెళితే చూసుకునే మనిషి, ఈ నాలుగూ లేనివారు కుక్కను తెచ్చుకోకపోవడమే దయ. అవి ఉన్నవారు వెనుకాడవద్దు.

సరమ అన్న పేరు నేను ఊరకే పెట్టలేదు. మన పెదవేగి పేరుతో వెలసిన వేంగి రాజ్యాన్ని ఏలిన రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయ తెనిగించిన భారతం మొదట్లోనే సరమ కథ వస్తుంది. యజ్ఞశాల దగ్గర ఏ తప్పూ చేయని ఆమె బిడ్డను జనమేజయుని తమ్ములు కొడితే, ఆ తల్లి వచ్చి ‘నా బిడ్డ చేసిన తప్పేమిటి’ అని అడుగుతుంది. జవాబు చెప్పేవారుండరు. ఆ పేరు పెట్టుకుని కూడా గిన్నె లాగినవాణ్ణి నేను.

వేసవిలో మనవడు వచ్చాడు. మొదటి వారం కుక్కకూ వాడికీ మధ్య గేటు వేసే ఉంచాము. వాడు గేటు ఇవతల నుంచి గుడ్డు ముక్క విసిరి, ‘తాతయ్యా, ఇప్పుడు తెరవచ్చా?’ అని రోజూ అడిగేవాడు. తొమ్మిదవ రోజున నేను పక్కన ఉండి గేటు తెరిచాను. బుజ్జి వాడి చెప్పులు వాసన చూసి, కాస్త ఎడంగా పడుకుంది. అంతే జరిగింది. ఆ రోజుకు అది చాలనుకున్నాను.

మీ ఇంట కొత్త కుక్క ఉంటే, ఈ రోజు టీకా చీటీ తీసి తేదీ చూడండి. తరువాత కుర్చీ కాస్త దూరంగా వేసుకుని దానిని గమనించండి.